మగ్గం మీది మాట

మా ఆయన అంజినప్ప నేసిన చీరలకు మా ఆయనకంటే పెద్ద శత్రువు ధర్మవరంలో ఇంకెవరూ ఉండేవారు కాదు. ఈ మాట ఇప్పుడు ఆయన ముందే అంటాను, నవ్వుతాడు. డెబ్బై తొమ్మిదో సంవత్సరంలో అని ఉంటే రెండు రోజులు అన్నం మీద అలిగేవాడు.

ఆయన చెయ్యి మంచిది. పెళ్ళాన్ని కాబట్టి చెప్పడం లేదు, మా వీధంతా అనేది. అంచు ఎక్కడా ఎగుడుదిగుడు ఉండదు. కొంగులో హంస నేస్తే హంసలాగే ఉంటుంది, బాతులాగా ఉండదు. చెయ్యి అంత మంచిదైతే ఏం లాభం, నోరనేది ఒకటి ఉంది కదా! చీర మడత విప్పీ విప్పకముందే, సావుకారు కళ్ళజోడు ఇంకా ముక్కు మీదికి రాకముందే మొదలుపెట్టేవాడు.

"ఈడ ఒక పోగు తెగినట్టుండాది సావుకారూ. ఈ పక్క అంచు కూడా కొంచెం లాగినాది. మా చేత ఇంతే అయితాది. మీరే సర్దుకోవల్ల."

సావుకారు వీరభద్రయ్య చెడ్డవాడేమీ కాదు. పట్టూ జరీ ఆయన ఇచ్చేవాడు, మేం నేసి తీసుకుపోతే కూలి ఇచ్చేవాడు. ఊళ్ళో సగం మగ్గాలు అలాగే ఆడేవి. అయితే వ్యాపారం చేసుకునే మనిషికి మనమే వేలు పెట్టి లోపం చూపిస్తే ఆయన మాత్రం వద్దంటాడా? "నువ్వే చెప్తాండావు కదప్పా" అని కూలిలో ఎంతో కొంత కోసేవాడు. మా ఆయన ఆ కోసిన కూలికి దండం పెట్టి మరీ ఇంటికొచ్చేవాడు. నేను కస్సుమంటే ఒకటే జవాబు.

"ముందే చెప్పేస్తే మేలు కదే. వాళ్ళు కనిపెట్టి అడిగితే పరువు పోతాది."

పన్నెండేళ్ళు ఇదే వరస. మా పెళ్ళికి ఎన్నేళ్ళో ఈ జవాబుకూ అన్నేళ్ళే.

ఆయన్ని ఒక్కణ్ణే అనడానికి లేదు. నేత ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. చీర మగ్గం మీద ఉన్నంతకాలం దాన్ని ఎవరూ మెచ్చుకోకూడదు. బాగుందంటే దిష్టి తగులుతుంది, పోగులు తెగుతాయి. ఎవరైనా వచ్చి నేసేవాడు కూర్చునే మగ్గం గుంత పక్కన నిలబడి "ఎట్ల వస్తాండాది?" అని అడిగితే, "ఏమొచ్చేది, గోనెపట్ట మాదిరి వస్తాండాది" అనాలి. ఉరవకొండలో మా పుట్టింట్లోనూ మగ్గమే, మా నాయన కూడా అట్లాగే అనేవాడు. కానీ చీర కోసి మగ్గం మీదినుంచి దించాడంటే మా నాయన మాట మారిపోయేది. చీరను రెండు చేతుల మీదా వేసుకుని వంటింట్లో ఉన్న మా అమ్మను పిలిచేవాడు. "ఇట్ల రాయే, ఇట్లాంటి చీర ఈ జిల్లాలో ఇంకొకటుంటే నా మీసం తీసేస్తా" అనేవాడు. మీసం ఎప్పుడూ తీయలేదు.

మగ్గం మీది మాటను మగ్గం దగ్గరే వదిలిపెట్టాలి. మా ఆయన వదల్లేదు. దాన్ని వీధిలోకి తెచ్చాడు, సావుకారు అరుగు మీదికి తెచ్చాడు, ఆఖరికి తనకే తగిలించుకున్నాడు. సొంతంగా పట్టు కొని నేసుకుందాం అని నేనంటే, "మనం కూలికి నేసేటోళ్ళం, సొంత యాపారం మన వల్ల యాడ అయితాది" అనేవాడు. పక్క వీధి నాగన్న సొంత మగ్గం పెట్టుకున్నాడు కదా అంటే, "నాగన్న వేరే, మనం వేరే" అనేవాడు. నాగన్నకు పడుగు సరిగ్గా చుట్టడం కూడా మా ఆయనే నేర్పించాడు.

ఆ డెబ్బై తొమ్మిదిలో వానలు మొహం చాటేశాయి. రాప్తాడు వైపు వేరుశనగ చేలల్లో గింజ పట్టలేదు. ఊళ్ళల్లో పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి, వీరభద్రయ్య పని తగ్గించాడు. నెలకు రెండు చీరల పని ఉన్నచోట ఒకటే. ఉన్నదే చాలనుకుంటే ఉన్నది కూడా పోతోంది. ఒకరోజు పొద్దున నా బంగారు కమ్మలు తీసి చేతిలో పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానో నాకే తెలియదు. తర్వాత పోయి అమ్మేసి, మూడు చీరల పడుగుకు సరిపడా పట్టూ జరీ తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. చెవుల్లో వేపపుల్లలు పెట్టుకున్నాను.

ఆయన పట్టు వైపు చూడలేదు. నా చెవుల వైపే చూశాడు. "ఎంత పని చేసినావే తిప్పమ్మా" అని కూలబడ్డాడు. కాసేపటికి లేచి, సావుకారుకు చెప్పిరావాలని పోయాడు. తిరిగొచ్చేటప్పటికి మొహంలో కొంచెం కళ వచ్చింది. ఏమిటా అంటే, వీరభద్రయ్య మాట ఇచ్చాడట.

"సంతోషమేప్పా, నేసుకో. నీకు ఇయ్యాల్సిన పడుగు మాత్రం మాఘమాసం అమావాస్య దాకా పక్కన పెట్టి ఉంటా. అప్పటికీ రాకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తా. మళ్ళీ వచ్చి అడగొద్దు."

"అమావాస్య దాకా ఉంటాదంట. మనకు కాకపోయినా వెనక్కి పోయేకి దారుండాది" అన్నాడు మా ఆయన. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకా గుంతలోకి కాలు పెట్టనేలేదు, అప్పుడే వెనక్కి పోయే దారి వెతుక్కుంటున్నాడు!

లెక్క సులభం. మొదటి చీరకు మంచి ధర వస్తే తక్కిన రెంటికీ వస్తుంది, ఆ డబ్బుతో తర్వాతి పడుగుకు పట్టు కొనవచ్చు, మగ్గం ఆగదు, మగ్గం మాది అవుతుంది. రాలేదా, అమావాస్య లోపలే మళ్ళీ సావుకారు అరుగు ఎక్కాలి, మిగతా రెండు చీరలూ నేసి అయినకాడికి అమ్ముకోవాలి. కమ్మలు పోయినట్టే.

మొదటి చీర మామిడిపండు రంగు, వంకాయ రంగు అంచు. అమావాస్య ఇంకా నాలుగు రోజులుందనగా కోశాం. పసుపు నీళ్ళు చల్లి, పాత పంచెలో చుట్టి, పొద్దున రైలుకు అనంతపురం పోయాం. దారి పొడుగునా చెప్పాను. "నువ్వు నోరు తెరవొద్దు. అడిగితే నేను చెప్తా." తల ఊపాడు. తల ఊపడంలో మా ఆయన ఎప్పుడూ తక్కువ చేయలేదు.

మొదట ఎక్కిన అంగడి పెద్దదే. యజమాని చీరను ఒళ్ళోకి లాక్కున్నాడు. అంచు మీద ఒకసారి చెయ్యి పోనిచ్చాడు. మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి పోనిచ్చాడు. నచ్చకపోతే రెండోసారి నిమరరు, ఆ మాత్రం నాకు తెలుసు. అదే సమయానికి నా పక్కనుంచి గొంతు వినబడింది.

"ఆ అంచులో రెండు పోగులు తెగినాయి సావుకారూ. మాకు యాపారం కొత్త. మా చేత ఇంతే అయితాది."

నిమిరే చెయ్యి ఆగిపోయింది. యజమాని చీరను ఒళ్ళోంచి పరుపు మీదికి జరిపాడు. "అట్లనా? నాకు కనపళ్ళేదు, నువ్వే చెప్పి మంచి పని చేసినావు. నాలుగొందల యాభై ఇస్తా."

పట్టూ జరీ ఖర్చే అంత. మా ఆయన అప్పుడే పంచె మడత పెడుతున్నాడు, సరేనన్నట్టు. నేను లేచి చీరను యజమాని ముందునుంచి లాక్కున్నాను. "అమ్మేది లేదన్నా" అని మెట్లు దిగేశాను. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకోలేదు. వేసుకోలేదు, మా ఆయన చేతిలో పట్టుకొచ్చాడు.

రోడ్డు మీద నేనన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. పోయేవాళ్ళు నిలబడి విన్నారు. ఆయన నా చెప్పులు పట్టుకుని వెనకే నడుస్తూ, "ఉన్న మాటే కదే చెప్తి, ఉన్న మాటే కదే" అంటున్నాడు. ఆ మాట పదోసారి అన్నప్పుడు ఆగిపోయాను. పక్కనే ఏదో సత్రం ఉంది. దాని వరండాలో ఎండ పడుతోంది, మనుషులెవరూ లేరు.

"రా. ఈడ కూసో. ఆ రెండు పోగులు యాడ తెగినాయో నాకు సూపియ్యి."

"ఉంటాయి లేవే."

"ఉంటాయి కాదు. ఉన్న మాటే అంటివి కదా? సూపియ్యి."

పంచె పరిచాం. చీర విప్పి, ఒక కొస నేను పట్టుకుంటే, ఆయన ఇంకో కొసనుంచి మొదలుపెట్టాడు. అంచును ఎండకు ఎత్తి చూడటం, వేళ్ళతో తడమటం, మూరెడు జరగటం. నేతగాడి వేళ్ళకు తెగిన పోగు ముల్లులాగా తగులుతుంది, చూడాల్సిన పని కూడా లేదు. ఒక అంచు అంతా అయింది. ఏమీ తగల్లేదు. "ఈ పక్క కాదేమో" అని రెండో అంచు పట్టుకున్నాడు. అదీ అయింది. మళ్ళీ మొదటి అంచుకు వచ్చాడు. నుదుటి మీద చెమట చీర మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంటున్నాడు. నేను ఎగతాళి చేద్దామని మాటలు పోగేసుకుని కూర్చున్నాను. ఆయన మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"లేవు" అన్నాడు చివరికి, చాలా చిన్నగా. "యాడా లేవు తిప్పమ్మా."

"బాగా సూసినావా?"

"మూడుసార్లు సూస్తి." తర్వాత కొంగు మొదలయ్యే చోట వేలు పెట్టి చూపించాడు. "ఈడ జరీ అతికినకాడ కొంచెం లావైనాది. ఇదొక్కటే."

"ఇది ఆ అంగడి సావుకారుకు చెప్పినావా?"

"లేదు. ఇది ఉన్నట్టు నాకు ఇప్పుడే తెలిసినాది."

లేని లోపం చెప్పాడు, ఉన్నది ఆయనకే తెలియదు. ఆయన చీర కొస ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మరి పన్నెండేండ్లుగా చెప్పినవి?" అన్నాడు. నన్ను అడగలేదు, తనలో తనే అనుకున్నాడు. "సూసి చెప్పింది ఒక్కటీ లేదే. మా నాయన సావుకారు ముందర ఇట్లే చెప్తాండె. నేను పక్కన నిలబడి వింటాంటి. చీర ఇచ్చేటప్పుడు అట్ల చెప్పల్ల అనుకొంటి, దండం పెట్టినట్టు."

నాకు కోపం ఎటు పోయిందో పోయింది. ఏడుపు వచ్చింది. కోసేసిన కూలి గురించి కాదు ఏడుపు, ఇంత మంచి చెయ్యి ఉన్న మనిషి ఆ చేతిని తనే ఇన్నేళ్ళు నమ్మకుండా బతికాడే అని. పోయిన కూలి ఎంతో నాకు అక్కర్లేదు, ఎప్పుడూ లెక్క వేయను కూడా వేయలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని చీర మడత పెట్టాను. ఆయన నా చెప్పులు నా కాళ్ళ ముందు పెట్టాడు.

అనంతపురంలోనే, పాతూరులో కన్యకమ్మ అనే పెద్దావిడ ఇంటి ముందు గదిలోనే చీరల అంగడి పెట్టుకుని ఉంది. నేతగాళ్ళ దగ్గర నేరుగా కొంటుందని నాగన్న చెప్పాడు. ఆవిడ పరుపు మీద కూర్చుని చీరను గడప వెలుతురులోకి జరిపి చూడటం మొదలుపెట్టింది. ఒక మాట లేదు, మెప్పు లేదు. మా ఆయన పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. పొయ్యి మీది పాలను చూసినట్టు నేను ఆయన నోటినే చూస్తున్నాను, ఎప్పుడు పొంగుతుందో అని.

కన్యకమ్మ తలెత్తింది. "ఏమప్పా, లోపమేమన్నా ఉండాదా దీంట్లో? నువ్వే చెప్పు."

అయిపోయింది అనుకున్నాను. అడగకముందే వంద చెప్పేవాణ్ణి అడిగితే ఇంకేముంది?

"ఉండాదమ్మా. ఒకటే." మా ఆయన ముందుకు జరిగి కొంగు దగ్గర వేలు పెట్టాడు. "ఈడ జరీ కొంచెం లావుగా అతికినా. తక్కినదంతా సూసినా. లేదు."

"అంతా సూసినావా?"

"ఇప్పుడే, ఆ సత్రంలో కూసోని సూసినా. మూడుసార్లు."

ఆవిడ ఆ చోటు చూసింది, వేలితో నొక్కింది, వదిలేసింది. "ఎంత చెప్తావు?"

ఈ ప్రశ్నకు మా ఆయన దగ్గర ఎప్పుడూ ఒకే జవాబు ఉండేది. మీరే చెప్పండి, మీరు ఎంతిస్తే అంత. నేను నోరు తెరవబోయాను. ఆరువందలు అడగాలని మనసులో అనుకున్నాను, అది కూడా భయపడుతూనే.

"ఏడొందలు" అన్నాడు మా ఆయన.

నేను తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది.

"ఏడొందలా!" కన్యకమ్మ చీరను కొంచెం పక్కకు నెట్టింది. "ఈ కరువులో ఎవరప్పా కొనేది?"

సరే ఆరొందలు, అయిదొందలు, మా చేత ఇంతే. అన్నీ ఆయన గొంతు దాకా వచ్చి ఉంటాయి, నాకు కనబడుతూనే ఉన్నాయి. ఆయన కన్యకమ్మ వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. చీర వైపు చూశాడు. పన్నెండేళ్ళలో ఆయన నోటినుంచి నేనెప్పుడూ వినని మాట అన్నాడు.

"చీర బాగుండాదమ్మా."

అంతే. నేను వేపపుల్లలు పెట్టుకున్న చెవి ఒకటి పట్టుకుని కూర్చున్నాను.

కన్యకమ్మ నవ్వింది. "బాగుండాదనే కదప్పా ఇంతసేపు సూస్తి. ఆరొందల ఎనభై ఇస్తా. తక్కిన రెండూ ఇంకెవరికీ సూపియ్యకుండా నా దగ్గరికే తేవల్ల."

వీధిలోకి వచ్చాక మా ఆయన పదడుగులు నడిచి ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. డబ్బు ఇంకోసారి లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. హోటలుకు పోయి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఆయన తినేసి, ఆకు వైపు ఒకసారి చూసి, "ఇంకొక ప్లేటు తేప్పా" అన్నాడు. హోటల్లో రెండోసారి అడగటం మా ఆయనకు తెలియదు. మొదటిది అడగటమే నేర్పాల్సి వచ్చింది. ఆ రోజు నేను కడుపు నిండా ఊపిరి పీల్చుకున్నాను. పొద్దుటినుంచీ సగం సగమే పీలుస్తున్నానని అప్పుడు తెలిసింది.

అమావాస్య రోజు సావుకారు దగ్గరికి తనే పోయాడు. వెనక్కి పోయే దారిని మూసేయడానికి పోయాడు. "ఆ పడుగు ఎవరికన్నా ఇచ్చేయండి సావుకారూ, మా మగ్గం ఆడతాండాది" అని చెప్పాడట. వీరభద్రయ్య సంతోషించాడట కూడా. మా ఆయన తిరిగి వచ్చేటప్పుడు ఒక మాట అన్నాడట.

"ఒకటి చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. నువ్వు చెప్పే లోపాలు సగం నాకు యాడా కనపడేటివి కాదప్పా. నేసినోనికి తెలీదా అని ఊరకుంటి."

ఇది నాకు చెబుతూ మా ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆపలేక గోడకు ఆనుకుని మరీ నవ్వాడు. నాకైతే వీరభద్రయ్య మీద పీకల దాకా కోపం వచ్చింది. కనపడనిదానికి కూలి ఎట్లా కోశావయ్యా అని అడిగి రావాలనిపించింది. "ఆయన్నేమనేది, చెప్పినోణ్ణి నేనే కదా" అన్నాడు మా ఆయన. అలా అన్నప్పుడు ఆయన మొహంలో బాధ లేదు. నెత్తిమీద మూట దించుకున్న మనిషి మొహం అది. సరే, నా కోపం నేనే దిగమింగుకున్నాను. కమ్మలు తిరిగి రావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది.

ఇంకో పది రోజులకు రెండో చీర సగం దాటింది. ఆయన గుంతలో కూర్చుని నేస్తున్నాడు, నేను పక్కన కండెలకు పట్టు చుడుతున్నాను. ఉన్నట్టుండి మగ్గం చప్పుడు ఆగింది. చూస్తే ఆయన నేసినంత మేరా అరచేత్తో నిమురుతున్నాడు.

"బాగుండాది" అన్నాడు.

నా చేతిలో కండె జారిపోయింది. "అయ్యో, మగ్గం మీద అనొద్దయ్యా!"

"అనేస్తి కదా."

ఇద్దరం పడుగు వైపే చూశాం. ఏమీ కాలేదు. మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. ఒక గంట గడిచిందో లేదో, పోగు తెగింది.

నేను తల ఎత్తకుండా కండె చుడుతూ చెవులు రిక్కించాను. ఇప్పుడు వస్తుంది, పన్నెండేళ్ళ పాట. సూస్తివా, మన రాత ఇంతే, మన వల్ల యాడ అయితాది. రాలేదు. ఆయన తెగిన రెండు కొసలనూ పట్టుకుని, బూడిద అంటిన వేళ్ళతో మెలిపెట్టి అతికాడు.

"పట్టు కదా, తెగుతాది" అన్నాడు, పేక పోగు నాడెను మళ్ళీ పడుగులోకి విసిరాడు.

చీర కోసినాక, అనంతపురం తీసుకుపోయే ముందు, ఆ అతుకు ఎక్కడుందో చూద్దామని వాకిట్లో ఎండలో పరిచి ఈ కొసనుంచి ఆ కొస దాకా వెతికాను. ఉరవకొండ మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని, నాకే కనపడలేదు.